మూగ వారంటు

గోరఖ్‌పూరునుండి లక్నోకు రైలుచార్జీలకు డబ్బు లేదని కేశవసింగు అను సోషలిస్టు పార్టీ కార్యకర్త 1964వ సంవత్సరారంభమున ఉత్తర ప్రదేశ్ శాసనసభకు తెలియజేసికొనెను. ఆ మాట నిజమో, తప్పించుకొనుటకు చెప్పిన సాకో తేల్చిన వారు లేరు. కాని ఆ చిన్న విషయమునుండి పెరిగిన తగవు కొలది వారములలోనే ఒక హైకోర్టుకు చెందిన 28 మంది న్యాయమూర్తులను ఒకే పీఠముపై కూర్చుండబెట్టినది; రాష్ట్రపతిచేత సుప్రీంకోర్టు సలహా నడిగించినది. ఇంత కలహమునకు మూలమైన శిక్ష ఏడు దినముల జైలు.

ఆ ఏడు దినములు వచ్చిన తీరు ముందుగా చెప్పవలెను. ఒక కాంగ్రెసు శాసనసభ్యుని అవినీతిని బట్టబయలు చేయుచున్నామని కేశవసింగు, అతని మిత్రులు ఒక కరపత్రము నచ్చువేసి పంచిపెట్టిరి. శాసనసభ దానిని ధిక్కారముగా నిర్ణయించి, వారిని సభకు పిలిపించి మందలింపవలెనని తీర్మానించెను. తక్కిన వారిలో ఇద్దరు ఫిబ్రవరి 19న వచ్చి మందలింపు విని వెడలిపోయిరి. కేశవసింగు రాలేదు. వారంటుతో మార్షలును పంపి మార్చి 14న అతనిని సభలో నిలిపిరి. సభాపతి మదనమోహన వర్మ పేరడిగెను. అతడు బదులు పలుకలేదు. పైగా సభాపతికి వీపు చూపి నిలిచెను. అంతకు మూడు దినములకు ముందు అతడు సభాపతికొక ఉత్తరము వ్రాసియుండెను. కరపత్రములోని ప్రతి అక్షరము నిజమనియు, సభ తనకు పంపినది నాదిర్షాహీ ఫర్మానా యనియు అందులో వ్రాసెను. మందలింపు ముగిసిన పిమ్మట ఆ ఉత్తరము చర్చకు వచ్చెను. ముఖ్యమంత్రి శ్రీమతి సుచేతా కృపలానీ, స్వాతంత్ర్యోద్యమ కాలమున తానును జైలు చూచినవారు, అతనికి ఏడు దినముల శిక్ష ప్రతిపాదించిరి. సభ ఆమోదించెను. కేశవసింగు లక్నో జిల్లా జైలునకు పోయెను.

ఇక్కడికిది శాసనసభకును ఒక మొండి మనిషికిని జరిగిన పెనుగులాట మాత్రమే. దానిని చరిత్రగా మార్చినది మార్చి 19న లక్నో హైకోర్టు పీఠమునకు చేరిన ఒక దరఖాస్తు.

హెబియస్ కార్పస్ అను లాటిను మాటలకు బంధితుని దేహముతో సహా తెచ్చి న్యాయస్థానము ముందుంచుమని తాత్పర్యము. దీని విధానము చూచుటకు మిక్కిలి సులభము. బంధితుడే స్వయముగా కోర్టు మెట్లెక్కనక్కరలేదు. ఎక్కుటకు వీలున్నచో అతడు బంధితుడెట్లగును? అతని పక్షమున బంధువో, మిత్రుడో, న్యాయవాదియో దరఖాస్తు పెట్టవచ్చును. ఎవనిని, ఎప్పటినుండి, ఎక్కడ, ఎవరి ఉత్తరువుపై నిర్బంధించిరో, ఆ నిర్బంధము ఏ కారణమున చట్టవిరుద్ధమో అందు చెప్పి, దానిని ప్రమాణపత్రముతో బలపరుపవలెను. శిక్ష విధించినవాడు ఎంత గొప్పవాడైనను, ఆ దేహము ఎవరి తాళము క్రింద నున్నదో వానిని ప్రతివాదిగా చేర్చుట అన్నిటికంటె ముఖ్యము. అందుచేతనే ఇట్టి దరఖాస్తులలో మంత్రుల పేర్ల ప్రక్కన జైలు సూపరింటెండెంటు పేరు కనిపించును. ప్రథమదృష్టికి సందేహమునకు తావున్నచో కోర్టు నోటీసు పంపును. అప్పుడు జైలరు తన జవాబు దాఖలు చేయవలెను: ఇదిగో మనిషి, ఇదిగో ఇతనిని నాకప్పగించిన వారంటు, ఇదిగో అందలి కారణము. ఆ జవాబు చాలునా చాలదా అనునదే విచారణ. నిర్బంధించినవాడే తన పనిని సమర్థించుకొనవలెను గాని నిర్బంధితుడు తన నిర్దోషిత్వమును రుజువు చేసికొనవలసిన పని లేదు.

ఈ సులభమైన విధానము ఒక్క చోట తడబడును. అధికారముగల కోర్టు విచారించి వేసిన శిక్షను హెబియస్ కార్పస్ ద్వారా తిరుగదోడరు. దానికి అప్పీలు అను వేరు మార్గ మున్నది. ధిక్కారమునకు ఒక సభ వేసిన శిక్షకో, అప్పీలు లేదు. అవమానము పొందినది సభయే, అభియోగము తెచ్చునది సభయే, తీర్పు చెప్పునదియు సభయే. బంధితునకు మిగిలిన తలుపు హెబియస్ కార్పస్ ఒక్కటే. ఆ తలుపు తట్టినపుడు జైలరు తెచ్చు వారంటుపై 'ధిక్కారము చేసినందున' అను మాట తప్ప మరేమియు వ్రాసి లేనిచో కోర్టు ఏమి చేయవలెను? ఏ మాటవలన, ఏ చేతవలన ధిక్కారమైనదో చెప్పని ఇట్టి వారంటును ఇంగ్లీషు న్యాయవాదులు మాటలాడని వారంటు అందురు. తెలుగున మూగ వారంటు అనవచ్చును. ఈ మూగతనము విషయమున ఇంగ్లండు న్యాయస్థానములు మూడు వందల ఏండ్లు ఒకే దారిన నడువలేదు.

1670లో లండనునందు క్వేకరు మతస్థులైన విలియం పెన్, విలియం మీడ్ అనువారిని విచారించిన జూరీ, న్యాయాధిపతుల బెదరింపులకు లొంగక వారిని దోషులుగా తీర్ప నిరాకరించినది. జూరర్లకు తలకు 40 మార్కుల జరిమానా వేసి, చెల్లించువరకు జైలులో నుంచిరి. ఎడ్వర్డ్ బుషెల్ అను జూరరు చెల్లింపక హెబియస్ కార్పస్ కోరెను. స్పష్టమైన సాక్ష్యమునకు విరుద్ధముగా ఇతడు తీర్పు చెప్పెనని జైలరు జవాబు. ఆ సాక్ష్య మేమో అందు లేదు. ప్రధాన న్యాయమూర్తి వాన్ దానిని ఒప్పుకొనలేదు. కారణము చెప్పని జవాబును చూచి న్యాయాన్యాయములు నిర్ణయించు టెట్లని ప్రశ్నించి బుషెల్‌ను విడిపించెను. జైలుకు పంపినది ఒక కోర్టు గనుక మరియొక కోర్టు అట్లు అడుగగలిగినది.

పంపినది పార్లమెంటైనపుడు ఆ ధైర్యము సన్నగిల్లినది. 1705లో ఐల్స్‌బరీ పట్టణపు ఓటర్లైదుగురిని కామన్సు సభ జైలులో పెట్టెను. తమ ఓటు నిరాకరించిన అధికారులపై వారు కోర్టులో దావా వేయుటయే వారి నేరము. హెబియస్ కార్పస్ దరఖాస్తుపై ముగ్గురు న్యాయమూర్తులు తామేమియు చేయజాలమనిరి. ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఒక్కడే వారిని విడువవలెననెను. అంతటితో తృప్తిపడక కామన్సు సభ ఆ బంధితుల పక్షమున వాదించిన వకీళ్లను గూడ పట్టితెమ్మని ఉత్తరువు చేసెను. వారిలో లెచ్‌మియర్ అనునాతడు తన గది వెనుక కిటికీనుండి దుప్పట్లు, త్రాడు పట్టుకొని దిగి పారిపోయెనని సభ సార్జంటు విన్నవించుకొనెను. హెబియస్ కార్పస్ కోరిన వకీలును నేరస్థుని చేయుట లక్నోలో పుట్టిన క్రొత్త ఊహ కాదని ఈ కిటికీ కథ తెలుపుచున్నది. అంతకుముందే, 1689లో, తన అధికారమును కాదన్నారని పెంబర్టన్, జోన్స్ అను ఇరువురు మాజీ న్యాయమూర్తులను ఆ సభయే జైలుకు పంపియుండెను.

ఇంకను విచిత్రమైనది 1840 నాటి మిడిల్‌సెక్స్ షెరీఫుల కథ. పార్లమెంటు నివేదికను ముద్రించిన హాన్సర్డుపై స్టాక్‌డేల్ అను ప్రచురణకర్త పరువునష్టపు దావా గెలిచెను. కోర్టు డిక్రీని అమలు జరుపుటకు షెరీఫులు హాన్సర్డు ఆస్తిని జప్తు చేసిరి. కోర్టు చెప్పిన పని చేసినందులకు కామన్సు సభ వారిని ధిక్కారమునకు జైలులో పెట్టెను. దావాలో సభకు ప్రతికూలముగా తీర్పు చెప్పిన డెన్మన్ ప్రభువు ముందుకే వారి హెబియస్ కార్పస్ వచ్చెను. సభవారి జవాబులో ధిక్కారము, హక్కుల భంగము అను రెండు మాటలు తప్ప వేరు వివరము లేదు. అసలు కారణమేమో లండను వీథులలో ఎల్లరకు తెలియును, డెన్మన్‌కు మరియు నెక్కువగా తెలియును. కాని కాగితముపై లేని కారణమును తాను చూడజాలనని చెప్పి, తన డిక్రీని అమలు జరిపిన వారినే తిరిగి జైలుకు పంపెను. మూగ వారంటు ముందు కోర్టు కన్నులు మూసికొనవలెనను సూత్రమునకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము లేదు.

భారత రాజ్యాంగము 194వ అధికరణము మూడవ ఖండమున, శాసనసభ తన హక్కులను చట్టముచే నిర్వచించుకొనువరకు 1950 జనవరి 26 నాటికి బ్రిటిషు కామన్సు సభకున్న హక్కులే దానికిని చెల్లునని వ్రాసియుండెను. ఆ ఒక్క వాక్యముతో ఐల్స్‌బరీ, మిడిల్‌సెక్స్ రెండును లక్నోకు దిగుమతి అయినవా? ఇదియే ప్రశ్న.

ఉత్తర ప్రదేశ్ సభ ఈ ప్రశ్నను ఒకసారి అంతకుముందే తాకియుండెను. 1952 మార్చిలో బొంబాయి 'బ్లిట్జ్' పత్రికకు చెందిన హోమీ మిస్త్రీని ఆ సభాపతి వారంటుపై పట్టి, లక్నోకు కొనిపోయి ఒక హోటలులో కాపలా పెట్టి ఉంచిరి. గునుపాటి కేశవరామరెడ్డి అను నాతడు సుప్రీంకోర్టున హెబియస్ కార్పస్ దరఖాస్తు పెట్టెను. అక్కడ హక్కుల చర్చయే అవసరము లేకపోయినది. నిర్బంధించిన 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపెట్టలేదని ప్రభుత్వపక్షమే ఒప్పుకొనెను. రాజ్యాంగపు 22వ అధికరణమునకు భంగము కలిగినదని కోర్టు అతనిని వెంటనే విడిపించెను. అది గడియారము చూచి చెప్పిన తీర్పు; కావున అసలు చిక్కు తీరలేదు. 1958లో పాట్నా 'సర్చ్‌లైట్' పత్రిక సంపాదకుని వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అత్యధికులు సభల హక్కులవైపు మొగ్గిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్ర హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి వచ్చిన కోకా సుబ్బారావుగారొక్కరు మాత్రము ప్రాథమిక హక్కులకే పైచేయి అని వేరుగా వ్రాసిరి.

ఇక మార్చి 19 నాటి సంగతి. న్యాయవాది బి. సోలమన్ కేశవసింగు పక్షమున దరఖాస్తు పెట్టెను. రాజ్యాంగపు 226వ అధికరణమును, ఆనాడు అమలులో నున్న క్రిమినలు ప్రొసీజరు కోడు 491వ సెక్షనును రెండింటిని ఆశ్రయించెను. సభాపతిని, సభను, ముఖ్యమంత్రిని, జిల్లా జైలు సూపరింటెండెంటును ప్రతివాదులుగా చేర్చెను. మందలింపుతో శిక్ష ముగిసిన పిమ్మట జైలు ఎట్లు విధింతురు? తన వాదము చెప్పుకొనుటకు అతని కవకాశమిచ్చిరా? దురుద్దేశముతో, సహజన్యాయమునకు విరుద్ధముగా జరిగిన పని కాదా? ఇవి అందలి ప్రధానాంశములు. న్యాయమూర్తులు నాసిరుల్లా బేగ్, జి. డి. సహగల్ పీఠముపై నుండిరి. మధ్యాహ్నము రెండు గంటలకు ఉభయ పక్షముల వకీళ్లు వచ్చి, మూడు గంటలకు విచారణ సాగింపవచ్చునని అంగీకరించిరి. మూడు గంటలైనది. సోలమన్ వచ్చెను. ప్రభుత్వ వకీలు రాలేదు.

ఆ ఖాళీ కుర్చీ ఈ చరిత్రలో చిన్న పాత్ర కాదు. ప్రతివాది పక్షమున మాటలాడువారు లేనపుడు కోర్టు దరఖాస్తును వాయిదా వేయవచ్చును. కాని ఏడు దినముల శిక్షలో అయిదు దినములు గడచిపోయినవి. వారము రోజులు వాయిదా వేసినచో విచారించుటకు నిర్బంధమే మిగులదు. న్యాయమూర్తులు దరఖాస్తును స్వీకరించి, ప్రతివాదులకు నోటీసులు పంపి, అంతవరకు వేయేసి రూపాయల రెండు జామీనులపైనను, అంతే మొత్తమునకు స్వంత పూచీకత్తుపైనను కేశవసింగును విడువుమనిరి. ప్రతి విచారణకు అతడు హాజరు కావలెనని షరతు పెట్టిరి. శిక్ష తప్పని గాని, సభ తప్పు చేసెనని గాని వారు ఒక్క మాట అనలేదు.

రెండు దినములకు సభ పిడుగు వేసెను. కేశవసింగు, సోలమన్, ఇరువురు న్యాయమూర్తులు నలుగురును సభను ధిక్కరించిరని మార్చి 21న తీర్మానించెను. కేశవసింగు మిగిలిన శిక్ష అనుభవింపవలెను. న్యాయమూర్తులను, వకీలును నిర్బంధములో సభకు తేవలెను. ఈ వార్తను ఆ న్యాయమూర్తులు ఆ సాయంకాలము రేడియోలో వినిరి, మరునాడు పత్రికలో చదివిరి. పిమ్మట అలహాబాదునకు పోయి, మార్చి 23న తామే అర్జీదారులై తమ హైకోర్టు నాశ్రయించిరి. అంతకు నాలుగు దినములకు ముందు ఒక బంధితుని ప్రమాణపత్రము చదివిన కన్నులు, తమ స్వేచ్ఛకొరకు తామే ప్రమాణపత్రము వ్రాసికొనవలసి వచ్చినది. 28 మంది న్యాయమూర్తుల పూర్ణపీఠము సభ తీర్మానముయొక్క అమలును ఆపివేసెను. మార్చి 25న సభ కొంత మెత్తబడి, వారంట్లను ఉపసంహరించి, వారు హక్కుల సంఘము ముందుకు వచ్చి సంజాయిషీ చెప్పవలెననెను. కోర్టు దానిని గూడ ఆపెను. పోలీసులు ఎవరి ఆజ్ఞ పాలింపవలెనో తెలియని స్థితి ఏర్పడుచుండగా, మార్చి 26న రాష్ట్రపతి 143వ అధికరణము క్రింద సుప్రీంకోర్టు అభిప్రాయ మడిగిరి.

ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కరు నాయకత్వమున ఏడుగురు న్యాయమూర్తులు విచారించిరి. సభ పక్షమున హెచ్. ఎం. సీర్వాయి వాదించిరి, తమ సభ హక్కులు తేల్చు అధికారము ఈ కోర్టుకు కలదని తాము ఒప్పుకొనుట లేదని ముందుగానే చెప్పి వాదమునకు దిగిరి. న్యాయమూర్తుల పక్షమున ఎం. సి. సీతల్వాడ్ నిలిచిరి. సీర్వాయి వాదమునకు వెన్నెముక మూగ వారంటే. కామన్సు సభ వారంటులో కారణము చెప్పనిచో ఇంగ్లీషు కోర్టు అడుగదు; ఆ హక్కు 194వ అధికరణము ద్వారా ఈ సభకును సంక్రమించినది; కావున లక్నో పీఠము దరఖాస్తు నంటుటయే తప్పు.

సెప్టెంబరు 30న వచ్చిన అభిప్రాయములో ఆరుగురు దీనిని నిరాకరించిరి. వారి తర్కము చరిత్రలోనికి దిగినది. కామన్సు సభ వారంటును కోర్టులు ప్రశ్నింపకుండుటకు కారణము, ఆ పార్లమెంటు ఒకప్పుడు దేశమున అత్యున్నత న్యాయస్థానము; ఒక ఉన్నత న్యాయస్థానము మరియొక దానిని గౌరవించినట్లు అది సాగినది. మన శాసనసభలు ఏనాడును న్యాయస్థానములుగా ఉండలేదు. తండ్రికి వృత్తిరీత్యా వచ్చిన బిరుదును దత్తుడు కోరినట్లున్నది ఈ కోరిక. పైగా ఇంగ్లండున వ్రాతలోనున్న రాజ్యాంగము లేదు. ఇక్కడ 226వ అధికరణ మున్నది, న్యాయమూర్తుల విధినిర్వహణను శాసనసభ చర్చింపరాదను 211వ అధికరణ మున్నది. కావున సభ్యుడు కానివాడు, సభ వెలుపల చేసిన పనికి సభచే శిక్షింపబడి, నిర్బంధము అక్రమమని దరఖాస్తు పెట్టినపుడు హైకోర్టు దానిని స్వీకరింపవచ్చును, విచారణ ముగియులోపల జామీనుపై విడువవచ్చును. కేశవసింగు దరఖాస్తు పెట్టుటవలన గాని, సోలమన్ సమర్పించుటవలన గాని, న్యాయమూర్తులు స్వీకరించుటవలన గాని ధిక్కారము కలుగలేదు.

ఆ ఆరుగురిలో సుబ్బారావుగా రొకరు. 1958లో ఒంటరిగా నిలిచినవారు ఈసారి అత్యధికుల పక్షమున నుండిరి. కాని పాత తీర్పును ఆ పీఠము సూటిగా త్రోసివేయలేదు, దాని పరిధిని మాత్రము కుదించినది. న్యాయమూర్తి సర్కారు విడిగా వ్రాసి, కామన్సు సభ హక్కులన్నియు వచ్చినవన్నపుడు మూగ వారంటు హక్కును గూడ వచ్చినట్లే యనిరి. అక్షరమును పట్టి చూచిన వారికి ఆ వాదము తేలికగా కొట్టివేయదగినది కాదు. రాజ్యాంగ నిర్మాతలే ఆ వాక్యమును అట్లు వ్రాసిరి. 'కామన్సు సభ' అను మాటను పార్లమెంటు 1978లో 44వ సవరణద్వారా తీసివేసినది గాని, హక్కులను చట్టముగా వ్రాయు పనిని మాత్రము మొదలిడలేదు.

ఆ లోటు తెలుగు నేలపై మరల కనిపించినది. 1983లో ఆంధ్ర ప్రదేశ్ శాసనమండలి సమావేశముపై 'ఈనాడు' ప్రచురించిన వార్తకు 'పెద్దల సభలో గలభా' అని శీర్షిక పెట్టినందుకు మండలి ఆ పత్రిక సంపాదకుడు రామోజీరావుపై హక్కుల భంగపు చర్య చేపట్టెను. 1984లో అతనిని సభకు రప్పించు ప్రయత్నము జరుగగా సుప్రీంకోర్టు దాని నాపెను. మరుసటి ఏడు మండలియే రద్దయి, ప్రశ్న తేలకనే ముగిసినది.

కేశవసింగు దరఖాస్తు మిగిలియున్నది. సుప్రీంకోర్టు అభిప్రాయము చెప్పినదే గాని, లక్నో పీఠమున 1964 మార్చి 19న స్వీకరించిన ఆ కాగితము ఇంకను విచారణకు రాలేదు. కోర్టుకు విచారించు అధికారము కలదని తేలుట వేరు, విచారించి విడిపించుట వేరు. 1965 మార్చి 10న అలహాబాదు హైకోర్టు దానిపై తీర్పు చెప్పినది. ధిక్కారమునకు శిక్షించు హక్కు సభకున్నది; ఆ శిక్ష విధించుటలో సభ ఒప్పు తప్పులను అప్పీలు కోర్టువలె తూచుట తమ పని కాదు; దురుద్దేశము రుజువు కాలేదు. దరఖాస్తును కొట్టివేసిరి. న్యాయమూర్తులు నిర్దోషులైరి, వకీలు నిర్దోషియయ్యెను, దరఖాస్తు పెట్టుట నేరము కాదని సుప్రీంకోర్టు చెప్పినది. ఏడు దినములలో కేశవసింగుకు మిగిలిన ఒకటి రెండు దినముల శిక్ష మాత్రము అట్లే నిలిచెను.